పాత మిలిటరీ పతకాలు, హెల్మెట్లు సేకరించాలనుకుంటే అసలుదేదో నకిలీదేదో ఇలా తేల్చుకోండి

మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ పతకం ఒకటి చేతిలోకి తీస్కుని దాని అంచు మీద చూడండి, చిన్న చిన్న అక్షరాల్లో ఒక నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు ఉంటాయి. ఆ పేరుగల మనిషి ఒకప్పుడు నిజంగా బతికాడు, ఎక్కడికో వెళ్ళి యుద్ధం చేశాడు, తిరిగొచ్చాడో లేదో మనకి తెలీదు. నాకు ఈ సేకరణ మీద ఇష్టం పుట్టిందే ఆ అంచు దగ్గర. అందుకే నకిలీలంటే నాకు అంత కోపం. మన డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ పేరుని గీకేసి ఇంకో పేరు పెట్టి అమ్మడం ఇంకో ఎత్తు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం నేను ఏ వరసలో చూస్తానో అదే వరసలో చెప్తాను.

స్టెప్ 1: ఒక్కటే పట్టుకోండి

అన్నీ కొనేద్దాం అనుకున్నవాళ్ళే ఎక్కువ మోసపోతారు. పతకాలు, హెల్మెట్లు, యూనిఫాంలు, కత్తులు, ఉత్తరాలు, ఒక్కోటీ ఒక్కో శాస్త్రం. ఒక దేశం, ఒక యుద్ధం, ఒక రకం వస్తువు ఎంచుకుని కనీసం కొన్ని నెలలు ఏమీ కొనకుండా చూడటం మీదే ఉండండి. మ్యూజియంలకి వెళ్ళండి, వేలం సంస్థల పాత కేటలాగుల్లో ఫొటోలు పెద్దవి చేసి చూడండి, ఎవరైనా పాత సేకర్త పరిచయమైతే అసలు వస్తువుని ఒక్కసారి చేత్తో పట్టుకోనివ్వమని అడగండి. బరువు, అంచుల పదును, అక్షరాల లోతు ఇవన్నీ చేతికి తెలియాల్సినవి, ఫొటోలో ఎంత చూసినా పూర్తిగా రావు. పది అసలువి పట్టుకున్నాక పదకొండోది నకిలీదైతే ఏదో తేడాగా ఉందే అని ముందు చేతికే అనిపిస్తుంది, కారణం తర్వాత దొరుకుతుంది.

స్టెప్ 2: దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

పది రెట్లు పెద్దగా చూపించే లూప్, వెర్నియర్ కాలిపర్, గ్రాముల్లో తూచే చిన్న కాటా, ఒక అయస్కాంతం, యూవీ టార్చి, ఒక నోట్‌బుక్. ఇంతకు మించి అక్కర్లేదు.

స్టెప్ 3: పతకం అయితే ముందు అంచు

చాలామంది ముందు రాజుగారి బొమ్మ చూస్తారు, రిబ్బన్ చూస్తారు. రిబ్బన్ ఎప్పుడైనా మార్చొచ్చు, కొత్త రిబ్బన్ ఉన్నంత మాత్రాన పతకం నకిలీ కాదు, పాత రిబ్బన్ ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు. అసలు విషయం అంచులో ఉంటుంది.

మొదటి యుద్ధానికి ఇచ్చిన వాటిలో బ్రిటిష్ వార్ మెడల్ మామూలుగా వెండిది, విక్టరీ మెడల్ కంచుది, రెండూ 36 మిల్లీమీటర్ల వెడల్పు. పేరుని పంచ్‌తో గుద్ది అంచు మీద వేసేవాళ్ళు. లూప్ పెట్టి చూస్తే ప్రతి అక్షరం ఒకే లోతులో, నిలువుగా దిగినట్టు ఉంటుంది. చేత్తో చెక్కిన పేరైతే గీత ఒకచోట సన్నగా ఒకచోట లావుగా, లోపల ఉలి జారిన చారలతో కనిపిస్తుంది. అలాంటిది కనిపిస్తే ఆగండి. పాత పేరు ఆకురాయితో గీకేసి కొత్త పేరు వేశారేమో చూడాలి. ఇక్కడే కాలిపర్ పనికొస్తుంది. గీకితే లోహం పోతుంది కదా, కాబట్టి పతకాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల వ్యాసం కొలవండి, పేరు ఉన్నచోట కొంచెం తక్కువ వస్తే అర్థం తెలిసిపోయినట్టే. అంచుని వెలుతురుకి పక్కగా పెట్టి చూస్తే కింద పాత అక్షరాల నీడ కూడా ఒక్కోసారి కనబడుతుంది. అలా కనబడినప్పుడు నాకైతే మనసు చివుక్కుమంటుంది.

తర్వాత జట్టు, అంటే ఒకే మనిషికి వచ్చాయని చెప్పే పతకాలన్నీ, సరిగ్గా ఉందో లేదో చూడండి. ఇది లాజిక్కుతో తేలే విషయం, పరికరాలతో పనిలేదు. స్టార్ అంటే నక్షత్రం ఆకారంలో ఉండే పతకం. 1914 స్టార్, 1914-15 స్టార్ రెండూ ఒకే మనిషికి ఇవ్వలేదు, ఏదో ఒకటే. స్టార్ వచ్చినవాడికి వార్ మెడల్, విక్టరీ మెడల్ రెండూ వచ్చాయి. విక్టరీ మెడల్ వచ్చినవాడికి వార్ మెడల్ కూడా వచ్చి తీరాలి, కానీ వార్ మెడల్ ఒక్కటే వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కాబట్టి ఎవరైనా రెండు స్టార్లు పక్కపక్కన పెట్టి ఒకే సైనికుడివి అని చెప్తే ఆ కథ అక్కడితో అయిపోయినట్టే. స్టార్ మీద పేరు అంచున ఉండదు, వెనకవైపు చదునుగా ఉన్నచోట ఉంటుంది. స్టార్ మీద ఒక ర్యాంకు, మిగతావాటి మీద పై ర్యాంకు ఉంటే కంగారుపడకండి, మధ్యలో ప్రమోషన్ వచ్చి ఉండొచ్చు. ఆఫీసర్ల పతకాల మీద నంబరు ఉండదు, ఆర్మీ ఆఫీసర్లవాటి మీద చాలాసార్లు రెజిమెంటు కూడా ఉండదు, అది లోపం కాదు.

విక్టరీ మెడల్ ఒక్కటే ఒంటరిగా కనిపించడం మామూలే. వార్ మెడల్ వెండిది కాబట్టి 1979-80లో వెండి ధర ఆకాశానికెళ్ళినప్పుడు లెక్కలేనన్ని కరిగించేశారు. ఆ విషయం మొదటిసారి తెలిసినప్పుడు చాలా బాధేసింది, పేర్లతో సహా కరిగిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధానికొస్తే లెక్క మారిపోతుంది. బ్రిటిష్ సైనికులకి ఇచ్చిన స్టార్లు, మెడల్స్ మీద ప్రభుత్వం పేరు వేయలేదు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వాళ్ళవాటి మీద వేశారు. కాబట్టి ఒక బ్రిటిష్ 1939-45 స్టార్ మీద పేరు చెక్కి ఉంటే ఆ కుటుంబమే తర్వాత చెక్కించుకుని ఉండొచ్చు, లేదా అమ్మేవాడు నిన్నగాక మొన్న చెక్కించి ఉండొచ్చు. ఆ పేరుకి వేరే ఆధారం లేకపోతే పేరు లేని పతకం ధరే ఇవ్వండి.

పోత పోసిన నకిలీలు ఇంకో రకం. అసలు పతకాన్ని అచ్చు తీసి లోహం పోస్తే చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అందుకే అసలుదానికన్నా కొంచెం చిన్నగా వస్తుంది, మొహంలో వివరాలు సబ్బు అరిగినట్టు మెత్తబడతాయి, లూప్‌లో చూస్తే సూది మొనంత గుంటలు, గాలి బుడగల గుర్తులు కనిపిస్తాయి. మెడల్ మొత్తం అరిగిపోయి అంచులు మాత్రం పదునుగా ఉన్నా అనుమానించాలి, ఎందుకంటే నిజంగా అరిగేది ముందు ఎత్తుగా ఉన్న చోట్లే.

జర్మన్ ఐరన్ క్రాస్ అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి దాని గురించి కూడా చెప్తాను. ఇది 1813లో ప్రష్యాలో మొదలైంది, తర్వాత 1870, 1914, 1939లో మళ్ళీ ఇచ్చారు, కింది చేతి మీద ఆ సంవత్సరం ఉంటుంది. మధ్యలో నల్ల ఇనుప ముక్క, చుట్టూ ముందొకటి వెనకొకటి రెండు సగాలుగా వెండి ఫ్రేము, అంటే మూడు భాగాలు కలిపి అతికించినది. అయస్కాంతం పెడితే మధ్య భాగం అంటుకోవాలి. అంటుకోని అసలువి కూడా కొన్ని ఉన్నాయి గానీ కొత్తవాళ్ళు వాటి జోలికి పోకపోవడం మంచిది. మొత్తం ఒకే ముక్కగా పోత పోసి నల్ల పెయింటు వేసింది అయితే పక్క నుంచి చూస్తే అతుకు గీతే కనపడదు. ఇంకోటి, 1957లో పశ్చిమ జర్మనీ చట్టం మార్చి స్వస్తిక తీసేసి ఓక్ ఆకులు పెట్టిన డిజైన్ వేసుకోవచ్చంది. అలాంటిది నకిలీ కాదు, కానీ యుద్ధంలో ఎవరి ఛాతీ మీదా లేదు. యుద్ధకాలం నాటిదని చెప్పి అమ్మితే మాత్రం మోసమే.

మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి బ్రిటన్ పంపిన కంచు ఫలకం ఒకటుంది, 120 మిల్లీమీటర్ల గుండ్రటిది, బ్రిటన్‌కి ప్రతీకగా బ్రిటానియా అనే స్త్రీ బొమ్మ, పక్కన సింహం, దాదాపు 13 లక్షలకి పైగా ఇచ్చారు. దాని మీద పేరు చెక్కినట్టు లోపలికి కాదు, ఉబ్బెత్తుగా పైకి ఉంటుంది, ర్యాంకు ఉండదు. చావులో అందరూ సమానమే అని అలా చేశారు. ర్యాంకు ఉన్న ఫలకం చూపిస్తే తిరిగిచ్చేయండి. పేరున్న ఆ చిన్న గడి చుట్టూ మిగతా కంచు రంగుకీ గడిలో రంగుకీ తేడా ఉంటే పేరు మార్చారన్న అనుమానం పెట్టుకోండి.

స్టెప్ 4: హెల్మెట్లు

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. మొదట్లో ఒక జర్మన్ ఎం42 హెల్మెట్ కొన్నాను, ఒకవైపు డేగ, ఇంకోవైపు నలుపు తెలుపు ఎరుపు చారల షీల్డు, రెండు డెకాల్స్ (అంటించే బొమ్మలు) ఉన్నాయి కదా అని సంబరపడిపోయాను, ఎందుకంటే రెండున్నదానికి విలువెక్కువ. ఆ చారల షీల్డుని సైన్యం 1940లోనే ఆపేసిందని, ఎం42 వచ్చిందే 1942లో అని, కాబట్టి అలాంటి ఆర్మీ హెల్మెట్ మీద ఆ షీల్డు ఉండాల్సిన పనే లేదని నాకు ఏడాది తర్వాత తెలిసింది. షెల్, అంటే ఉక్కు టోపీ, అసలుదే, డెకాల్స్ కొత్తవి. పైన పటారం లోన లొటారం అనే మాట ఇక్కడ తిరగబడింది, లోన ఉన్నదే నిజం, పైనున్నది అబద్ధం. ఆ రోజు నుంచి సంవత్సరాలు కంఠతా పట్టడం మొదలుపెట్టాను.

మీరూ పట్టండి. ఎం35కి గాలి రంధ్రాల దగ్గర విడిగా చేసి బిగించిన చిన్న గొట్టం ముక్క ఉంటుంది, ఎం40లో అది షెల్‌తో పాటే నొక్కి తయారు చేశారు, ఎం42లో అంచు లోపలికి మడవకుండా పదునుగా బయటికి వదిలేశారు. లోపల గుద్దిన గుర్తులుంటాయి, ఉదాహరణకి ఈటీ64 అంటే థాలే ఫ్యాక్టరీ, షెల్ సైజు 64, దానికి లోపలి లైనర్, అంటే తలకి ఆనే పొర, 56 లేదా 57 తలకి సరిపోతుంది. షెల్ మీద 64 ఉండి లైనర్ మీద 60 ఉంటే రెండూ వేర్వేరు హెల్మెట్లవి అన్నమాట. డెకాల్‌ని లూప్‌లో చూసేటప్పుడు ఒక్క ప్రశ్నే వేసుకోండి, గీత ముందా డెకాల్ ముందా అని. పెయింటు మీద ఉన్న గీత డెకాల్‌ని కూడా కోసుకుంటూ పోవాలి. గీత డెకాల్ కిందకి దూరిపోయి పైన డెకాల్ నున్నగా ఉంటే అది తర్వాత అంటించిందే. తుప్పు విషయంలో కూడా ఇదే సూత్రం.

అమెరికన్ ఎం1 హెల్మెట్లు రెండో యుద్ధంలో 2 కోట్లకి పైగా తయారయ్యాయి, కాబట్టి హెల్మెట్ దొరకడం కష్టం కాదు, దానికి కట్టిన కథే కష్టం. గడ్డం పట్టీ తగిలించే లూపులు మొదట్లో షెల్‌కి కదలకుండా అతికేసి ఉండేవి, అవి ఊడిపోతున్నాయని 1943 చివర్లో ఊగే లూపులకి మార్చారు. అంచు పట్టీ అతుకు మొదట ముందువైపు ఉండేది, 1944 చివర్లో వెనక్కి పెట్టారు. ఇప్పుడు ఎవరైనా వెనక అతుకున్న హెల్మెట్ చూపించి ఇది 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైనికుడిది అంటే ఏం చెప్పాలో మీకే తెలుసు.

స్టెప్ 5: యూనిఫాం, బ్యాడ్జీలు

వెల్క్రో, పాలిస్టర్ మామూలు వాడకంలోకి వచ్చింది 1950ల్లో. నాటో పుట్టిందే 1949లో, కాబట్టి నాటో స్టాక్ నంబరు ఉన్న లేబుల్ రెండో యుద్ధానిది కాలేదు. ఒకే గీత గాడి కాకుండా ప్లస్ గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూకి పేటెంట్ వచ్చింది 1936లో, మొదటి యుద్ధం నాటి వస్తువుకి అది ఉంటే కనీసం ఆ స్క్రూ మార్చినట్టే. ఇలాంటి తేదీలు ఎన్ని తెలిస్తే అంత మంచిది, ఎందుకంటే ఒక్క చిన్న అతుకుదారం మొత్తం అబద్ధాన్ని బయటపెట్టేస్తుంది.

యూవీ టార్చి గురించి ఒక మాట, దీన్ని గుడ్డిగా నమ్మేవాళ్ళు చాలామంది. దారాల్లో, బట్టల్లో తెల్లగా మెరిపించే రసాయనాలు యుద్ధం తర్వాతే బాగా వాడారు, అందుకే చీకట్లో యూవీ వేస్తే కొత్త దారం నీలంగా వెలుగుతుంది. కానీ నిజమైన పాత కోటుని ఎవరో అమ్మమ్మ 1970ల్లో సర్ఫు లాంటి డిటర్జెంట్‌తో ఉతికి ఉంటే అది కూడా వెలుగుతుంది. అలాగే నకిలీ చేసేవాళ్ళకి కూడా ఈ సంగతి తెలుసు, వెలగని కాటన్ దారం వాళ్ళూ వాడతారు. కాబట్టి బట్ట వెలగకుండా బ్యాడ్జీ దారం ఒక్కటే వెలిగితే బ్యాడ్జీ తర్వాత కుట్టారని, అంతవరకే అనుకోండి.

ఊడిపోయి వేలాడుతున్న దారం ముక్క ఒకటి ఉంటే, ఓనర్ ఒప్పుకుంటే, వేరు చేసి కాల్చి చూడొచ్చు. కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, ఉన్ని జుట్టు కాలిన వాసనొస్తుంది, సింథటిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. బట్ట దగ్గర మాత్రం మంట పెట్టకండి.

బ్యాడ్జీని బట్ట నుంచి కొంచెం ఎత్తి కింద చూడండి. ఎన్నో ఏళ్ళు ఉంటే కింద బట్ట రంగు ముదురుగా, చుట్టూ వెలిసిపోయి ఉండాలి. అమెరికన్ భుజం బ్యాడ్జీల చుట్టూ లావుగా తాడులా చుట్టి కుట్టిన అంచు సాధారణంగా 1960ల తర్వాతది, యుద్ధకాలం నాటివి కత్తిరించినట్టు సాదా అంచుతో ఉంటాయి. అరుగుదల ఎక్కడుందో చూడండి, కాలర్ లోపల, మోచేతుల దగ్గర, జేబు అంచుల్లో, చెమట పట్టే చోట్ల. అందరికీ కనిపించే ముందువైపే చిరుగులుండి మెడ లోపల కొత్తగా ఉంటే ఎవరో కావాలని చింపారు.

స్టెప్ 6: కాగితాలు, ఫొటోలు

లూప్‌లో చూస్తే రంగు రంగుల చుక్కలు కనిపిస్తే అది ప్రింటర్ పని. 1942 తేదీ వేసిన ఉత్తరం బాల్ పెన్‌తో రాసి ఉంటే బాగా అనుమానించండి, ఆ పెన్నులు జనం చేతికొచ్చింది 1945 నుంచి. అమెరికన్ అడ్రస్‌లో జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతదే. ఫొటో కాగితం యూవీలో ప్రకాశవంతంగా వెలిగితే 1950లు లేదా ఆ తర్వాత ప్రింటు తీసింది, పాత నెగటివ్ నుంచే అయినా సరే.

స్టెప్ 7: పేరు వెతకండి

వస్తువు పరీక్షలో నెగ్గాక మనిషిని వెతకాలి, నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టమైన భాగం. బ్రిటిష్ మొదటి యుద్ధం పతకాలకి బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో మెడల్ ఇండెక్స్ కార్డులు ఉన్నాయి, సిరీస్ పేరు డబ్ల్యూఓ 372, పతకాల జాబితాలు డబ్ల్యూఓ 329. నంబరు, పేరు, యూనిట్ కొట్టి చూడండి, ఏ పతకాలు ఇచ్చారో వస్తుంది. చనిపోయి ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో సమాధి లేదా స్మారకం ఎక్కడుందో దొరుకుతుంది. సర్వీసు ఫైలు దొరక్కపోతే కంగారుపడకండి, 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడినప్పుడు వాటిలో సగానికి పైగా కాలిపోయాయి. అమెరికాలో కూడా అంతే, 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో రికార్డుల భవనం తగలబడి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి, 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య ఆర్మీ వదిలినవాళ్ళ ఫైళ్ళలో 80 శాతం. కాబట్టి ఫైలు లేదంటే మనిషి లేడని కాదు.

కానీ ఇది ఉల్టాగా కూడా గుర్తుపెట్టుకోండి. పేరు జాబితాలో దొరికినంత మాత్రాన పతకం అసలుది అయిపోదు. నకిలీ చేసేవాడు కూడా అదే జాబితా చదువుతాడు. 1916 జూలై 1, ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజు, ఒక్కరోజులో 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు, ఆ రోజు చనిపోయినవాళ్ళ పతకానికి గిరాకీ ఎక్కువ, అందుకే అలాంటి పేర్లే దొంగిలిస్తారు. వస్తువు, పేరు, కథ మూడూ విడివిడిగా నెగ్గాలి.

అమ్మేది కుటుంబమే అయితే తొందరపడకుండా కూర్చుని మాట్లాడండి. ఎవరిది, ఆయన మీకేమవుతారు, ఇంట్లో ఎప్పటినుంచి ఉంది, ఫొటోలు ఉత్తరాలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగి, చెప్పింది రాసి సంతకం పెట్టించుకోండి, ఆ కాగితం తర్వాత పతకం అంత విలువైనది. వాళ్ళు ఫొటోలు ఇవ్వకపోతే స్కాన్ అడగండి. ఒక మనిషి పతకాలన్నీ కలిసి దొరికితే దయచేసి విడగొట్టి అమ్మకండి, ఒకసారి విడిపోతే మళ్ళీ కలపడానికి కొందరికి ముప్పై ఏళ్ళు పడుతుంది, చాలామందికి అసలు కుదరదు. డీలర్ దగ్గరైతే పగటి వెలుతురులో తీసిన అంచు ఫొటోలు, రాతపూర్వకంగా అసలుదన్న హామీ, తిరిగిచ్చే గడువు ఈ మూడూ డబ్బు కట్టకముందే తీస్కోండి.

స్టెప్ 8: ప్రమాదం, చట్టం

గ్రెనేడ్, ఫిరంగి షెల్, తూటా ఏది దొరికినా ఖాళీదే అని ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు, ఊపొద్దు, రంధ్రం వేయొద్దు, దూరంగా జరిగి పోలీసులకి చెప్పండి. వందేళ్ళు దాటినా పేలతాయి. చీకట్లో వెలిగే పాత గడియారాలు, విమానం మీటర్లలో రేడియం ఉండొచ్చు, వెలుగు ఆగిపోయినా రేడియేషన్ ఆగదు, దాని సగం జీవితకాలం 1600 ఏళ్ళు, కాబట్టి అద్దం తెరవకండి. రెండో యుద్ధం నాటి గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంది, సరదాకైనా మొహానికి పెట్టుకోకండి, పిల్లలకి అస్సలు ఇవ్వకండి.

అమెరికాలో అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ కొనడం అమ్మడం నేరం. జర్మనీలో స్వస్తిక లాంటి గుర్తులు బహిరంగంగా చూపించడం క్రిమినల్ కోడ్ 86ఏ సెక్షన్ కింద నేరం. సైనికులు చనిపోయిన ఓడలు, విమానాల శిథిలాల నుంచి తీసినవి చాలాచోట్ల చట్టవిరుద్ధం, చట్టం సంగతి వదిలేసినా అవి సమాధులు, వాటినుంచి తెచ్చింది నేనైతే ఇంట్లో పెట్టుకోను. ఆయుధాలకి మీరున్నచోట లైసెన్సు నియమాలు ముందే కనుక్కోండి.

స్టెప్ 9: దాచడం

పాలిష్ చేయకండి. ఇది నెత్తినోరూ కొట్టుకుని చెప్తున్నా ఎవరూ వినరు. కాలంతో వచ్చిన ఆ ముదురు రంగు పొర పోతే మళ్ళీ రాదు, రుద్దే ప్రతిసారీ పేరులో అక్షరాలు కూడా కొంచెం కొంచెం అరుగుతాయి. పీవీసీ కవర్లు వాడొద్దు, వాటిలోంచి వచ్చే రసాయనం లోహాన్ని పచ్చగా తినేస్తుంది. యాసిడ్ లేని కాగితంలో చుట్టండి, పక్కన సిలికా జెల్ పెట్టండి, లోహాన్ని గ్లవ్స్‌తో పట్టుకోండి. ఉన్ని కోటుని ఇనుప హ్యాంగర్‌కి వేలాడదీస్తే భుజాలు సాగిపోతాయి, పడుకోబెట్టి మడతల్లో కాగితం ఉండలు పెట్టండి. చిమ్మటలు ఉన్నాయనిపిస్తే గాలి చొరకుండా కవర్లో కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర ఉంచి, బయటికి తీశాక కవర్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి.

చివరగా ప్రతి వస్తువుకీ ఒక కార్డు రాసి దాంతోపాటే పెట్టండి, పెన్సిల్‌తో, కాగితం మీదే, ఫోన్‌లో కాదు. ఎవరి దగ్గర కొన్నది, ఎప్పుడు, కొలతలెంత, ఏ పరీక్షలు చేశారు, ఏ రికార్డులో పేరు దొరికింది, ఏది ఇంకా అనుమానంగా ఉంది అన్నీ. కార్డు మీద మొదటి లైన్లో మాత్రం మీ పేరు కాదు, అంచు మీద ఉన్న ఆ పేరు రాయండి.